కోణాన్‌కుప్పము మాత

తమిళనాట విరుద్ధాచలమునకు సమీపమున కోణాన్‌కుప్పమను గ్రామము గలదు. అచ్చటి పెరియనాయకి మాత దేవాలయమును నెలకొల్పినవాడు ఇటలీ దేశీయుడగు బెస్కీ పాదిరి. 1680లో జన్మించిన యీతడు యువకుడుగా మన దేశమునకు వచ్చి, తమిళము నామూలాగ్రముగ నభ్యసించి, వీరమామునివరను పేర ప్రసిద్ధుడయ్యెను. 'తేంబావణి' కావ్యమును, 1732లో 'చతురకరాది' నిఘంటువును రచించి, 1747లో పరమపదించెను.

ఆ గుడిలోని మాత విదేశీ వేషమున లేదు. తమిళ స్త్రీవలె చీరగట్టి, బాలయేసు నెత్తుకొని యున్నది. కట్టు మారినది గాని మాత మారలేదు. అందుచేతనే పల్లెజనులు ఆమెను తమ యింటి తల్లిగా భావించిరి.

తమిళమును నిర్బంధ పాఠ్యముగ జేసిన 2006 నాటి చట్టము మనవారిలో కలవరము గలిగించినది. మా యభిప్రాయ మిది: ఇరుగుపొరుగుల భాష నేర్చుటవలన మనకు నష్టములేదు, నేర్చి తీరవలయును. కాని మాతృభాషను విడువవలెననుట న్యాయము గాదు. బడిలో తెలుగునకు చోటు కోరుట మన హక్కు. ఇంట తెలుగు చదివించుట మన విధి. రెండవది చేయనివారికి మొదటిది యడుగు నర్హత యెక్కడిది? చీర తమిళులదైనను తల్లి తల్లియే. మన బిడ్డలును అట్లే కావలయును.