సువార్త అయ్యగారి పనేనా?

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు పల్లెల్లో తరచూ వినే మాట: "వాక్యం చెప్పడం అయ్యగారి పని." మరి మన పని కమిటీ ఎన్నికలేనా?

1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు. బాప్తిస్మం పొందినవారి చేత ఆయన తమ తలపై చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అన్న పౌలు మాటను పలికించేవారు. వారిలో చాలామంది చదువురాని కూలీలు. సాక్ష్యానికి చదువు అడ్డురాలేదు, పదవి అవసరం కాలేదు.

1947 సెప్టెంబరు 27న ఆ డయాసిస్ సి.ఎస్.ఐ.లో కలిసింది. మనం సి.ఎస్.ఐ. అయినా, లూథరన్ అయినా ఆ పాఠం మనదే. కాపరి పని అందరి బదులు మాట్లాడటం కాదు, అందరినీ సిద్ధపరచడం. పెద్దల గొప్ప కుర్చీలో లేదు, సేవలో ఉంది. ఈ వారం ఒక్క పొరుగింటికైనా వెళ్లి, ప్రభువు చేసిన మేలు చెబుదాం. ఆమేన్.