వార్డు కిటికీ మూయకండి!

ఆమధ్య మా అత్తగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, చలిగాలి తగులుతుందని వార్డు కిటికీలన్నీ నేనే బిగించేశాను. చూడ్డానికొచ్చిన మా ఆడపడుచు కూతురు గబగబా తీసేసింది. ఆసుపత్రుల్లో గాలి మీద కొత్తగా పరిశోధనలో చేరింది లెండి.

"అత్తయ్యా, పక్క మంచం ఆవిడ దగ్గుతోంది. ఆ గాలే అమ్మమ్మ పీలుస్తోంది" అంది.

పెరూ దేశపు లిమా నగరంలో ఎనిమిది ఆసుపత్రుల్లో గాలి కొలిచి, 2007లో ఫలితాలు ప్రకటించారట. తలుపులు, కిటికీలు తీస్తే గదిలో గాలి గంటకు సుమారు 28 సార్లు మారింది. మూసి ఉన్నప్పటికంటే 18 రెట్లు! ఎత్తు కప్పు, పెద్ద కిటికీల పాత కట్టడాల్లో 40 సార్లట. క్షయ గాలిద్వారానే అంటుతుంది కదండీ!

ఆసుపత్రికి ఫ్లాస్కుతో పాటు దుప్పటి ఒకటి ఎక్కువ పట్టుకెళ్ళండి. చలికి దుప్పటి కప్పండి, కిటికీ మాత్రం తీసే ఉంచండి. ఏసీ వార్డయితే సిస్టరు గారిని అడగండి.