పెరటి మడి, పండ్రెండు నెలల కూర

పది యెకరముల మిరప సాగుచేసి బస్తాలు లారీలకెత్తించు రైతు తన యింట పప్పులోనికి నాలుగు పచ్చిమిరపకాయలు కావలసినప్పుడు అంగడికి పిల్లవానిని పంపుట నేడు మన గ్రామములందు సామాన్యమైపోయినది. ప్రత్తి పండించువారు, వరి పండించువారు, మొక్కజొన్న పండించువారు, ఎల్లరును తోటకూర కట్టకై కూరగాయల బండివాని కేకకు ఎదురుచూచువారే. ఇందు సిగ్గుపడవలసినది లేదు గాని ఆలోచింపవలసినది మిక్కిలి కలదు. పొలము అమ్మకమునకు, పెరడు తిండికి అని మన పెద్దలు పనిని రెండుగా పంచుకొనిరి. మనము ఆ పెరటిపై సిమెంటు పరచి, మోటారుసైకిలు నిలుపుకొనుచున్నాము.

ఈ మాట యెత్తగానే సభ్యులు చెప్పు మొదటి సమాధానము "స్థలము లేదండీ" అనునది. కొందరి విషయమున ఇది నిజమే. ఆంధ్రప్రదేశమున 2020 డిసెంబరు మొదలు ప్రభుత్వము పంచిన ఇండ్ల స్థలములు గ్రామములందు సెంటున్నర, అనగా సుమారు 650 చదరపు అడుగులు. అందులో ఇల్లు కట్టగా మిగులునది స్వల్పము. అయినను అనేక గ్రామములలో పెరళ్లను చూచిన మీదట నాకు కలిగిన అభిప్రాయమేమనగా, పెరటితోటలు చెడుచున్నది స్థలము చాలక కాదు, తేదీ తప్పి. నాలుగు సెంట్ల పెరడు గలవాడును ఆశ్వయుజమునకు సంచి పట్టుకొని సంతకు పోవుచునే యున్నాడు.

ఏలయన, మనవారు చేయు పద్ధతి యిది. మృగశిర కార్తె ప్రవేశించి నాలుగు చినుకులు పడగానే ఎనిమిది రకముల విత్తనములు గల పొట్లమొకటి తెచ్చి, ఒక్క పూటలో అన్నియు చల్లివేయుదురు. నెల తిరుగునప్పటికి తోటకూర అంతయు ఒక్కసారిగ కోతకు వచ్చును. ఇంటివారు ఎంతయని తిందురు? పొరుగువారికి పంచుదమన్న వారి పెరటిలోను అదే కూర. వారము తాళగా ముదిరి కంకివేయును. బెండ నలువది యైదు, ఏబది దినములకు కాపు పట్టి మూడవ నెల గడచునప్పటికి ముగియును. దసరా నాటికి పెరటిలో కలుపు, ఎండిన కాడలు మిగులును. అంతట "పెరటితోట దండుగపని" యని తీర్పు చెప్పుదురు. పొలములో పంట అంతయు ఒకేసారి చేతికి రావలయునని కోరుకొనుట మనకు అలవాటు. పెరటిలో అట్లు వచ్చుటయే నష్టము.

ఆకుకూరతో ఆరంభింపుడు. మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడవు గల మడులు నాలుగు చాలును. రెండు ప్రక్కల నుండి చేయి అందునంత వెడల్పే ఉండవలెను, మడిలో కాలు పెట్టరాదు. చివికిన పశువుల ఎరువు చదరపు మీటరునకు రెండు మూడు కిలోలు కలిపి, మొదటి మడిలో ఈ వారము తోటకూర చల్లుడు. రెండవ మడిలో వచ్చు వారము, మూడవదానిలో ఆపై వారము, నాలుగవదానిలో అటుపై వారము. అంతట మొదటి మడి పెరుకుటకు సిద్ధమగును. పెరికిన రెండు మూడు దినములలో ఎరువు వేసి మరల విత్తవలెను. ఇంతకు మించిన రహస్యము లేదు. విత్తు సన్నముగ నుండును గాన చారెడు ఇసుకలో చిటికెడు విత్తు కలిపి చల్లినచో ఒక్కచోట గుంపుగ మొలవదు. చలికాలమున తోటకూరకు బదులు పాలకూర, మెంతి. ఎండకాలమున తోటకూర, గోంగూర. మెంతిని వైశాఖమున చల్లి మొలవలేదని విత్తనమును తిట్టువారిని ఎరుగుదును. ఆ తప్పు విత్తనముది కాదు.

ఎంత వచ్చునను లెక్క కూడ చూతము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన సూచనల ప్రకారము, ఎదిగిన మనిషికి దినమునకు అన్నివిధములైన కూరలును కలిపి 400 గ్రాములు కావలయును. అందు నాలుగవ పాలు ఆకుకూర యనుకొన్నను ఐదుగురు గల యింటికి దినమునకు అర కిలో. బాగుగ ఎరువు వేసిన మడి చదరపు మీటరునకు నెలకు కిలోకు తగ్గక ఆకు నిచ్చును గనుక, పైన చెప్పిన నాలుగు చిన్న మడులును ఇంటికి దినమునకు పావు కిలో పైబడి ఇచ్చును. స్థలముండి మడుల పొడవు రెట్టించినచో అర కిలో దొరకును. సెంటు నేలలో కుటుంబమునకు కావలసిన కూరలన్నియు పండునని నేను చెప్పను. అట్లు చెప్పు కరపత్రములు కలవు. వానిని నమ్మి ఆరంభించినవారే త్వరగ విరమించుకొనుచున్నారు.

ఆకుకూరనే ఇంతగ పట్టుకొనుటకు కారణము కలదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 సంవత్సరముల వయసు గల స్త్రీలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశమున నూటికి 58.8, తెలంగాణమున 57.6. ధాన్యము పండించి దేశమునకు పంపు జిల్లాలలోనే సగమునకు పైగ ఆడవారికి రక్తము చాలకున్నది. దీనికి ఆకుకూర యొక్కటియే మందని యనరాదు. గర్భిణులు వైద్యులిచ్చు ఇనుము మాత్రలను మానరాదు. కాని ఇనుముతో పాటు రక్తమునకు ఫోలిక్ ఆమ్లము కావలెను. లాటిను భాషలో ఆకునకు గల పేరునుండియే దీనికి ఆ పేరు పుట్టినది. 1941లో దీనిని స్పినాచి యను ఆకుకూరనుండి వేరుచేసిరి. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలయందు దీనిని తయారుచేసిన శాస్త్రజ్ఞులకు నాయకుడు మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆకును నీరు వార్చివేయునట్లు ఉడికించినచో ఈ గుణము చాలవరకు పోవును. మితముగ ఉడికించి, తినునప్పుడు నిమ్మరసము పిండుకొన్నచో ఆకులోని ఇనుము ఒంటికి బాగుగ పట్టును. భోజనమైన వెంటనే టీ త్రాగుట ఆ లాభమును తగ్గించును.

ఇక తీగలు. నేల లేనివారికి ఆకాశమున్నది. గోడ వారగ అడుగున్నర గొయ్యి త్రవ్వి ఎరువు నింపి బీర, సొర, పొట్ల, కాకరలలో రెండు పాదులు పెట్టి డాబామీదికి ప్రాకించినచో నేల ఏమాత్రమును పట్టదు. "పూత అంతయు రాలిపోవుచున్నది, మందేమి కొట్టవలె"నని అడుగువారు పలువురు. మొదట వచ్చునవి మగపూవులు, అవి రాలుటయే వాని ధర్మము. పిందె మొదలంట గల ఆడపూవులు పిమ్మట వచ్చును. తేనెటీగలు కరవైన చోట మగపూవును కోసి దాని పుప్పొడిని ఆడపూవునకు మీరే తాకించుడు. బీరకు, సొరకు సాయంకాలము ఈ పని చేయవలెను.

పందిరిచిక్కుడు కథ వేరు. మన నాటురకములు పగలు తగ్గి రాత్రి పెరిగిననే గాని పూయవు. దానిని ఆషాఢ శ్రావణములలో పెట్టినచో కార్తికము మొదలు సంక్రాంతి దాటువరకు గంపలకొలది కాయును. ఎండకాలమున పెట్టినచో అన్ని నెలలును తీగనే పెంచుచు కూర్చుండవలెను.

ఏడాది పొడవునను కూర యనినప్పుడు అసలు పరీక్ష చైత్రము మొదలు జ్యేష్ఠము వరకు. బోరు తగ్గును, సంతలో ధర పెరుగును, మడిలో మొలక మాడును. ఆ మూడు నెలల కూరను ముందుగనే సమకూర్చుకొనవలెను. అప్పుడు విత్తి లాభము లేదు. తొలకరిలో పెట్టిన కందను చలికాలమున త్రవ్వి గాలియాడు చోట నుంచినచో నెలలు నిలుచును. పండిన గుమ్మడికాయను తొడిమతో కోసి దూలమునకు వ్రేలాడదీసినచో అంతే. వంకాయలు, గోరుచిక్కుడు కాయలు మాఘమున విరివిగ కాచినప్పుడు ఒరుగులు చేసి డబ్బాలో పోసిన యింట జ్యేష్ఠమున పులుసునకు లోటుండదు. పెరటి మూలను ఒక మునగ, ఒక కరివేప, గోడకు తీగబచ్చలి యున్నచో మూడును ఎండకు వెనుదీయవు. మునగను మనిషి యెత్తున నరకుచుండినచో కాయ తగ్గినను ఆకు చేతికందును. కాయ కంటె ఆకే బలమని తెలిసియు మన యిండ్లలో దానిని వండు అలవాటు తగ్గుట విచారకరము.

నీటికై వేరు బోరు అక్కరలేదు. బియ్యము, కూరలు కడిగిన నీరు మడులకు పోయవచ్చును. అంట్లు తోమిన నీరు, స్నానపు నీరు మాత్రము అరటికి, చేమకు మళ్లింపుడు. కొత్తిమీర వంటి పచ్చిగ తిను ఆకులపై పోయరాదు.

డాబామీద పెంచువారు తొట్లు కొననక్కరలేదు, ఉతికిన సిమెంటు సంచులలో మన్ను, ఎరువు సగము సగము నింపి, అడుగున రంధ్రములు పెట్టి, గోడలపై భారము పడునట్లు అంచుల వెంబడి పేర్చవలెను. దినమునకు ఐదారు గంటల ఎండ తప్పదు. ఒక్క విషయమున మాత్రము కఠినముగ చెప్పుచున్నాను: పురుగుమందు డబ్బాలను ఎన్నిమార్లు కడిగినను కూరమొక్కలకు వాడరాదు. వానిలో కొత్తిమీర పెంచుట నేను కన్నులార చూచితిని. అట్లే ప్రత్తికి కొట్టగా మిగిలిన మందును ఇంటి వంగచెట్లకు పిచికారీ చేయుట మహాపాపము. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడుట 2005లోనే నిషేధింపబడినది. వంగకు కొన వాడినచో ఆ కొమ్మను పురుగుతో కూడ త్రుంచి కాల్చుడు. పేనునకు, చిన్న పురుగులకు వేపగింజల పొడి ఏబది గ్రాములు లీటరు నీటిలో రాత్రి నానబెట్టి, వడగట్టి చల్లుడు. పెరటికి ఇది చాలును.

కోతుల బెడద గల గ్రామములవారు నన్ను మన్నింతురు గాక. అచ్చట బీరకాయ దక్కుననుట కష్టము. కంద, చేమ, పసుపు, కాకరలను కోతి అంతగ ముట్టదు గనుక వానితో సరిపెట్టుకొనవలెను. ఇంకొక మాట. పెరడనగానే అది ఆడవారి పనియని మగవారు తప్పించుకొనుచున్నారు. పొలముపని, వంటపని చేసి వచ్చిన ఇల్లాలిచేత గోతులు త్రవ్వించి, బిందెలు మోయించి, కూర మాత్రము కమ్మగ నున్నదని మెచ్చుకొనుట న్యాయము కాదు. గోతులును, ఎరువు మోతయు, కంచెయు పురుషుల వంతు కావలయును.

ఇందు మన సంఘమునకు గల పని విత్తనము. ఎనిమిది రకముల పొట్లమును మృగశిరకు ఒక్కసారి అమ్ముట మాని, ఒక్క మడికి సరిపోవు చిన్న పొట్లములను నెలనెలకు ఆ నెలలో మొలచు రకములనే అమ్మవలయునని నా అభిప్రాయము. సంకరజాతి విత్తనమునుండి తీసిన గింజ తల్లిని పోలదు గాన, పెరటికి విత్తు నిలుపుకొనదగిన రకములే మేలు. సభ్యుల యిండ్లలో ముసలమ్మలు సొరబుర్రలో బూడిద కలిపి దాచిన చిక్కుడు, గోంగూర, దోస విత్తనములు ఇంకను కొన్ని కలవు. సంఘ కార్యాలయమున ఒక అలమారలో ఒక అర దీనికి కేటాయించి, ఇచ్చువారు ఊరిపేరు, కోసిన నెల వ్రాసి యిచ్చునట్లును, తీసుకొన్నవారు పంట వచ్చిన పిదప తీసుకొన్నదానికి రెట్టింపు తెచ్చి పెట్టునట్లును ఏర్పరుపవచ్చును. చేదైన కాయ కాచిన సొరపాదు గింజను మాత్రము ఎవ్వరును తేరాదు. చేదు సొర విషము, ప్రాణాపాయము కలిగించును.

గుమాస్తాకు పని హెచ్చగునని కొందరు పంచాయతుదారులు ఇప్పటికే సణుగుచున్నారు. నెలకు ఒక పూట పని. రోహిణి కార్తెకు ముందు జరుగు సర్వసభ్య సమావేశమున ఈ విషయము చర్చకు పెట్టవలయునని కోరుచున్నాను. చిక్కుడు, కంద పెట్టుటకు అంతకు మించి ఆలస్యము చేయ వీలులేదు.