మ్యాచింగ్ చూడటం మనకు కొత్తా?

“అవన్నీ మీకెందుకమ్మా, సార్‌ను పంపియ్యండి. మేం మాట్లాడుకుంటం.”

ఈ బోర్డు ఏ ప్రాసెసర్‌కు పనిచేస్తుందని అడిగినందుకు జిల్లా కేంద్రంలో ఒక కంప్యూటర్ షాపతను నాకిచ్చిన జవాబిది. ఖానాపూర్ నుంచి బస్సెక్కి, ఆ అట్టపెట్టెను ఒళ్లో పెట్టుకుని వెళ్లింది నేను. దానికి డబ్బు కట్టిందీ నేనే. డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకున్న మా అమ్మాయి కోసం నెలనెలా చీటీ కట్టి దాచిన సొమ్మది. అయినా ‘సార్’ రావాలట!

అది 2023 ఎండాకాలం. ల్యాప్‌టాప్ కంటే విడిభాగాలు కొని బిగించుకుంటే చవక, రేపు కావాలంటే పెంచుకోవచ్చు అని ఇంట్లో తీర్మానమైంది. ఆ మాటలో తప్పేం లేదు. ప్రాసెసర్‌ను హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడు తెచ్చాడు. మదర్‌బోర్డు మావారు కొన్నారు. మెమరీకి మా మరిది ఫోన్‌లో ఆర్డర్ పెట్టాడు. ముగ్గురూ మంచివే కొన్నారు, బేరం చేసే కొన్నారు. ఒకరినొకరు అడగడం మాత్రం మరిచారు. తీరా బిగించబోతే మెమరీ కడ్డీ గాడిలో దిగదు! బలంగా నొక్కబోయిన మరిదిని “చిన్నాన్నా, ఆగు” అని మా అమ్మాయి ఆపింది కాబట్టి సరిపోయింది. బోర్డు పెట్టె మీద డీడీఆర్4 అని, కడ్డీ మీద డీడీఆర్5 అని అచ్చేసే ఉంది. చదివినవాళ్లే లేరు.

కడ్డీ మార్చుకొచ్చాక ఫ్యాన్ తిరిగింది గానీ తెర నల్లగానే ఉండిపోయింది. అలా పదకొండు రోజులు. ప్రాసెసర్ చెడిందని షాపతను, బోర్డు చెడిందని మా తమ్ముడు. నిజానికి రెండూ బాగానే ఉన్నాయి. బోర్డేమో 12వ తరం ప్రాసెసర్ల రోజుల్లో తయారై షాపులో ఉండిపోయిన సరుకు. ప్రాసెసరేమో 13వ తరంది. రెండింటి సాకెట్ ఒకటే, ఎల్‌జీఏ 1700. కానీ బోర్డులో ఉండే బయోస్ అనే చిన్న ప్రోగ్రామ్‌కు ఈ కొత్త ప్రాసెసర్ ఎవరో తెలియదు. చివరికి ఇంకో షాపులో పాత తరం ప్రాసెసర్ ఒకటి పెట్టి, బయోస్ కొత్తది ఎక్కించి ఇచ్చారు. అరగంట పని. దానికి ముందు నాలుగుసార్లు బస్సు చార్జీలు, ఇంట్లో రోజూ రుసరుసలు!

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మ్యాచింగ్ చూడటం మనకు కొత్త విద్య కాదు కదా? మ్యాచింగ్ సెంటర్‌కు చీర పట్టుకెళ్లి, ట్యూబ్‌లైటు వెలుగును నమ్మక గుమ్మం బయటికొచ్చి ఎండలో రంగు చూసుకుంటాం. కుక్కర్ గాస్కెట్ కొనాలంటే పాతది సంచిలో వేసుకుని వెళతాం. అందులో సిగ్గు పడేదేముంది? మా ఇంటి మగవాళ్లు తెలివి తక్కువవాళ్లేం కాదు. “నాకు తెలియదు, చెప్పు” అనడం వాళ్లకు నామోషీ, అంతే. మనకా బాధ లేదు. మనకు తెలియదని లోకం ముందే తేల్చేసింది కాబట్టి ఎన్ని ప్రశ్నలైనా అడగొచ్చు!

అడగాల్సినవి కూడా చాలా తక్కువ. ముందు సాకెట్ పేరు. ఇంటెల్ 12, 13, 14 తరాలవి ఎల్‌జీఏ 1700లో కూర్చుంటాయి. 10, 11 తరాలవి ఎల్‌జీఏ 1200వి. ఏఎండీలో 2016లో వచ్చిన ఏఎం4, 2022లో వచ్చిన ఏఎం5 అని రెండు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఒకదాని ప్రాసెసర్ ఇంకొకదానిలో పట్టదు. తర్వాత మెమరీ. ఏఎం4 బోర్డులకు డీడీఆర్4, ఏఎం5 బోర్డులకు డీడీఆర్5, ఇందులో తికమక లేదు. చిక్కంతా ఎల్‌జీఏ 1700తోనే. ఆ బోర్డుల్లో డీడీఆర్4వీ ఉన్నాయి, డీడీఆర్5వీ ఉన్నాయి. కడ్డీలు రెండూ చూడటానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి. రెండింటికీ 288 పిన్నులే, మధ్యలో ఉన్న నొక్కు మాత్రం ఒకే చోట ఉండదు. తప్పు కడ్డీ దిగకుండా కంపెనీవాళ్లు పెట్టిన అడ్డు అది. దాన్నే మా మరిది బలంతో గెలవబోయాడు.

సాకెట్ కలిసినంత మాత్రాన సంబంధం కుదిరినట్టు కాదని మా అనుభవం చెప్పింది. 2017లో ఇంటెల్ 8వ తరం తెచ్చినప్పుడు పిన్నుల లెక్క పాతదే, 1151. అయినా అంతకుముందరి బోర్డులు వాటిని తీసుకోలేదు. పాయింట్లన్నీ కలిసినా పెళ్లివారు ఒప్పుకోని జాతకాల్లాగా! అందుకే బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ పేరు కొట్టి చూడాలి. ఏ ప్రాసెసర్లు పనిచేస్తాయో, ఏ బయోస్ నుంచి పనిచేస్తాయో పట్టికే ఉంటుంది. ఫోన్‌లో ఐదు నిమిషాల పని.

ఒకప్పుడు ఈ బెడద కొంత తక్కువే. 1990లలో సాకెట్ 7 అనే బోర్డు మీద ఇంటెల్ పెంటియం గానీ ఏఎండీ కే6 గానీ పెట్టుకునేవారు. 1997లో పెంటియం 2తో ఇంటెల్ తన దారి తను చూసుకుంది. అప్పటినుంచి ఎవరి గుమ్మం వారిదే.

ఇంటెల్ పేరు చివర ‘ఎఫ్’ అక్షరముంటే ఆ ప్రాసెసర్‌కు సొంతంగా బొమ్మ చూపించే శక్తి ఉండదు. గ్రాఫిక్స్ కార్డు వేరే కొనాలి. “ఇది వెయ్యి తక్కువమ్మా” అంటే ఆ అక్షరం ఉందేమో చూడండి.

పాత కంప్యూటర్లు కొనే తల్లులకు ఇంకో మాట. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగింది. విండోస్ 11కు ఒప్పుకున్న ఇంటెల్ ప్రాసెసర్ల జాబితా దాదాపుగా 8వ తరం నుంచే మొదలు. డీడీఆర్3 మెమరీతో నడిచే డబ్బాను “పిల్లల చదువుకు చాలు” అని అంటగడితే, ఆ చదువు ఎన్నాళ్లదో కూడా అడగాలి.

సికింద్రాబాద్‌లో పార్క్ లేన్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లినా, మన ఊరి షాపులో కొన్నా, ఎస్టిమేట్ చీటీతో సరిపెట్టుకోకండి. మోడల్ పేర్లు, సీరియల్ నంబర్లు రాసిన జీఎస్టీ బిల్లు తీసుకోండి. తరువాత తగువొస్తే మాట్లాడేది అదే. మూడూ ఒకేచోట కొని, అక్కడే బిగించి, తెర వెలిగాకే డబ్బు ఇవ్వడం ఇంకా మంచిది. నాలుగు వందలు ఎక్కువైనా ఫరవాలేదు.

మొన్న మా పక్కింటి వదిన కొడుకు కోసం కంప్యూటర్ కొనడానికి బయల్దేరింది. సాకెట్, బోర్డు మోడల్, డీడీఆర్ నంబరు, బయోస్ సంగతి ఒక కాగితం మీద రాసిచ్చాను. షాపతను అది చదివి “ఎవరు రాసిచ్చిండ్రమ్మా, సారా?” అన్నాడట. వస్తువులు మాత్రం అన్నీ సరైనవే ఇచ్చాడు.