గాదె నిండా గింజలే, తాళంచెవి లేదు

మా కోకాపేట టవర్‌లో ఆమధ్య ఒక సాయంత్రం లిఫ్టులన్నీ ఆగిపోయాయి. ఎవరి ఫ్లాటుకు వాళ్లు మెట్లెక్కాల్సిందే. ఐదో అంతస్తు మలుపులో పక్కింటి అబ్బాయి గోడకు ఆనుకుని కూలబడిపోయి ఉన్నాడు. ముప్పై ఏళ్లు లేవు. చెయ్యి వేసి చూస్తే పిక్కలు రాళ్లలా బిగిసి ఉన్నాయి. "చిన్నప్పటి నుంచీ వీడింతేనండీ, ఒళ్లు వంచడు" అంది వాళ్లమ్మ. మర్నాడు పొద్దున్నే వచ్చి, "ఆంటీ, యూరిన్ డికాక్షన్ రంగులో వస్తోంది" అన్నాడు, ఎవరికీ వినపడకుండా. కాలేజీలో క్రికెట్ ఆడిన రోజుల్లోనూ రెండుసార్లు ఇలాగే అయిందట.

అది కండరం కరిగి రక్తంలో కలిసిన రంగు. ఆ సరుకంతా కిడ్నీల మీద పడుతుంది. ఆ రంగు కనిపిస్తే ఆ రోజే ఆస్పత్రికి పోవాలి, రేపటిదాకా ఆగకూడదు. అతన్ని సమయానికి తీసుకెళ్లగలిగాం. కొన్ని వారాల తర్వాత జన్యు పరీక్షలో జబ్బు పేరు తెలిసింది: మెకార్డిల్ వ్యాధి. సుమారు లక్షమందిలో ఒకరికి ఉంటుందంటారు. 1951లో లండన్‌లో బ్రయన్ మెకార్డిల్ అనే వైద్యుడు మొదటిసారి వివరించారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపమున్న జన్యువులు కలిస్తేనే వస్తుంది. మేనరికాలున్న మన ఇళ్లలో ఈ మాట గుర్తుంచుకోవడం మంచిది.

కండరంలో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిలవ ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైమ్ వీళ్లకు ఉండదు. గాదె నిండా గింజలుండీ తాళంచెవి లేని ఇల్లు అది. మెట్లెక్కిన మొదటి నిమిషాల్లో కండరం ఆకలితో అల్లాడిపోతుంది. ఎనిమిది, పది నిమిషాలు నెమ్మదిగా సాగిస్తే రక్తం చక్కెరనూ కొవ్వునూ మోసుకొచ్చి అందిస్తుంది, అప్పుడు ప్రాణం లేచి వస్తుంది.

ఇక్కడే కీటో మాట వస్తుంది. కొవ్వు ఎక్కువ తిని, అన్నం బాగా తగ్గిస్తే కాలేయం కీటోన్లు తయారుచేస్తుంది. కండరం గాదె తెరవకుండానే వాటిని వాడుకోగలదు. లెక్క చక్కగా ఉంది. కోపెన్‌హాగెన్‌లో ఈ రోగుల మీద 2020లో చేసిన చిన్న ప్రయత్నంలో ఆశ కనిపించింది. ఆ తర్వాత వేరే ఆహారంతో పోల్చి చూసిన పరీక్షలో, వ్యాయామంలో గుండె మీద పడే భారం తగ్గినట్టు తేలలేదు. అంతకు ముందు 2003లో, వ్యాయామానికి ముందు పంచదార నీళ్లు తాగితే ఓర్పు పెరుగుతుందని తేలింది. ఒకటి చక్కెర ఇమ్మంటుంది, ఇంకొకటి మానమంటుంది. డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి ఇది.

కానీ మన దగ్గర కీటో డాక్టరు గది నుంచి రాలేదు. 2017, 18ల్లో డైట్ ప్రచారకులు వీరమాచనేని రామకృష్ణ గారి సభలతో అది తెలుగు ఇళ్ల వంటగదుల్లోకి వచ్చింది. తలకు రాసుకునే కొబ్బరినూనెను జనం గ్లాసులో పోసుకుని తాగారు. షుగరున్నవాళ్లూ, బరువు తగ్గాలనుకున్నవాళ్లూ ఎవరి అనుభవం వాళ్లు చెప్తారు. నా భయం వాళ్ల గురించి కాదు, తనకేం జబ్బో తెలియని మనిషి గురించి.

ఎందుకంటే మెకార్డిల్‌కు దాయాదిలాంటి జబ్బు ఇంకొకటుంది, సీపీటీ-2 లోపం. అందులోనూ కండరాల నొప్పే, అదే డికాక్షన్ రంగే. తేడా ఏమిటంటే, వీళ్ల కండరం కాల్చలేనిది కొవ్వును. ఉపవాసం, జ్వరం, గంటల తరబడి శ్రమ వీళ్లను పడగొడతాయి. వీళ్లకు కీటో పెడితే తడికట్టెలు పొయ్యిలో కుక్కి మంట రాలేదని ఇంకా కుక్కినట్టే. పైకి ఒక్కలా కనిపించే ఇద్దరిలో ఒకరికి ఆశగా తోచే తిండి ఇంకొకరికి ప్రమాదం.

ఈ పక్కింటి అబ్బాయి కథలో నన్ను కలతపెట్టిన ముక్క ఒకటుంది. రెండేళ్ల కిందట ఆఫీసు హెల్త్ చెకప్‌లో ఎస్‌జీపీటీ ఎక్కువ వచ్చిందని, ఫ్యాటీ లివర్ అని చెప్పి పంపారట. ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ కండరం చెడినా పెరుగుతాయి. పక్కన కండరం దెబ్బతిందేమో చెప్పే సీకే పరీక్ష ఒక్కటి రాసి ఉంటే దారి అప్పుడే దొరికేది. లివర్ కోసమని కీటో మొదలుపెడదామని అతను నూనె కూడా కొని పెట్టుకున్నాడు. అప్పటికి తన జబ్బు ఈ రెండింటిలో ఏదో తెలియదు!

ఎకరం వంద కోట్లు దాటి పలికిన నేల మా కోకాపేట, 2023 ఆగస్టు వేలంలో. ఇక్కడే ఇంత ఆలస్యమైతే మిగతాచోట్ల సంగతేమిటి? అరుదైన జబ్బుల జాతీయ విధానం కింద మన హైదరాబాద్‌లోనే నిమ్స్‌తో కలిసి ఉప్పల్ సీడీఎఫ్‌డీ ప్రత్యేక కేంద్రంగా ఉంది. కోకాపేట నుంచి ఉప్పల్ వెళ్లడం మహా అయితే ఒక పూట పని. శ్రమ చేస్తే కండరాలు పట్టేసి, మూత్రం రంగు మారినవాళ్లెవరైనా ముందు జబ్బు పేరు తెలుసుకోండి, నూనె సీసా సంగతి తర్వాత.

ఇప్పుడతను పొద్దున్నే గండిపేట వైపు నడుస్తాడు. కొన్నాళ్లుగా నేనూ వెళ్తున్నాను. మొదట చాలా మెల్లగా, నా అడుగుకంటే చిన్న అడుగులు వేస్తాడు. మాట్లాడడు, పంటి బిగువున నొప్పి ఓర్చుకుంటాడు. ఏడో నిమిషం దాటాక వాచీ చూసుకుంటాడు. ఇంకాసేపటికి భుజాలు సడలి, "వచ్చింది ఆంటీ" అంటాడు. ఆ తర్వాత అతన్ని అందుకోవడం నాకే కష్టం.