దిగి నడవమంటే నడుద్దాం, దారి మాత్రం అడుగుదాం

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మన ఐసెలిన్ వాళ్లందరి కార్యక్రమం ఇంచుమించు ఒకటే. మొదటి శనివారం ఓక్ ట్రీ రోడ్డు. రెండో శనివారం మెట్రోపార్క్‌లో రైలెక్కి న్యూయార్క్. పొద్దున స్వేచ్ఛా ప్రతిమ, సాయంత్రం బ్రూక్లిన్ బ్రిడ్జి.

2021కి ముందు ఆ బ్రిడ్జి ఎక్కినవాళ్లకి ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. కార్ల దారికి పైన, మధ్యలో, ఒక చెక్కబాట. దాని మీద ఒక గీత. గీతకి ఒక పక్క నడిచేవాళ్లు, ఇంకో పక్క సైకిళ్లు. ఫొటో కోసం రెండడుగులు వెనక్కి వేస్తే చాలు, వెనక నుంచి గంట మోగేది, ఆ తర్వాత ఒక కేక. నేను మా అమ్మని చెయ్యి పట్టుకుని పక్కకి లాగిన రోజు ఇంకా మర్చిపోలేదు. ఆ రోజు నాకు సైకిలు వాడి మీద చాలా కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, అతని వీపు మీద డెలివరీ సంచీ ఉంది. నేను సరదాకి వచ్చాను, అతను పనిలో ఉన్నాడు. ఆ ఇరుకు బాట మీద ఇద్దరినీ కలిపి తోసేసింది వేరేవాళ్లు.

2021 సెప్టెంబరు 14న అది మారింది. మన్‌హట్టన్ వైపు వెళ్లే కార్ల వరసల్లో ఒకటి తీసేసి, గోడ కట్టి, రానూపోనూ సైకిళ్లకి ఇచ్చారు. చెక్కబాట పూర్తిగా నడిచేవాళ్లది అయింది. అక్కడ సైకిలు తొక్కడం మానిపించారు. ఇది కూడా ఆంక్షే. కానీ పెద్దగా ఎవరూ గోల చెయ్యలేదు. ఎందుకంటే 'ఇక్కడ వద్దు' అన్నవాళ్లే 'అక్కడ వెళ్లు' అని దారి చూపించారు. కొత్త దారి ఇరుకుగానే ఉందనే మాట నిజమే. అయినా బ్రిడ్జి దాటే సైకిళ్లు తగ్గలేదు, పెరిగాయి.

నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే. పాత కట్టడాల దగ్గర సైకిలు ఆపాలంటే ఆపండి. కానీ బదులు దారి ఇచ్చి ఆపండి.

మన దగ్గరికే వద్దాం. గంటలోపు డ్రైవులో వాషింగ్టన్ క్రాసింగ్ ఉంది. 1776 డిసెంబరు 25 రాత్రి జార్జి వాషింగ్టన్ సైన్యంతో డెలావేర్ నది దాటింది అక్కడే. వీకెండులో మనవాళ్లు చాలామంది సైకిళ్లు వేసుకుని డెలావేర్ - రారిటన్ కాలువ గట్టున తొక్కుతుంటారు. 1830ల్లో ఐర్లండు నుంచి వచ్చిన కూలీలు తవ్విన కాలువ అది. కంచరగాడిదలు పడవలు లాగిన గట్టు మీద ఇవాళ సైకిలు నిక్షేపంగా తొక్కుకోవచ్చు. కానీ నది మీద ఇరుకైన పాత ఇనుప వంతెన దగ్గరికి రాగానే సైకిలు దిగి, కాలిబాట మీద నడిపించుకుంటూ దాటాలి. అది రూలు. న్యాయమైన రూలే. రెండు నిమిషాలు నడిస్తే అవతలి ఒడ్డున మళ్లీ తొక్కొచ్చు. మనవాళ్లలో కొందరు 'ఎవరు చూస్తారులే' అని తొక్కేస్తారు. అది తప్పు. ఒకరు చేసిన తప్పుకి రేపు అందరికీ నిషేధం వస్తుంది.

అయితే రూలు పెట్టేటప్పుడు కారణం కూడా సరిగ్గా చూడాలి. తాజ్ మహల్ చుట్టుపక్కల పెట్రోలు, డీజిలు బండ్లని ఆపారు. పొగకి పాలరాయి పాడవుతుందని. బ్యాటరీ బండ్లు, సైకిలు రిక్షాలు మాత్రం వెళ్తాయి. అది తెలివైన పని. మన చార్మినార్‌ని చూడండి. 1591లో కట్టిన గచ్చు కట్టడం, నాలుగు పక్కలా బండ్ల పొగ తాగి నల్లబడింది. చుట్టూ నడక దారి చెయ్యాలన్న పథకం ఏళ్ల తరబడి నడిచింది. మంచి పథకమే. కానీ సైకిలుకి పొగ రాదు, గోడలు అదరవు. సైకిలుతో వచ్చే ఇబ్బంది రాయికి కాదు, జనానికి. అలాంటప్పుడు రద్దీ వేళల్లో ఆపితే చాలు. తెల్లవారుజామున పాలో, పేపరో వేసే కుర్రాణ్ణి కూడా లారీతో కలిపి ఆపడం దేనికి?

ఇదంతా మనకెందుకు అంటారేమో. ఓక్ ట్రీ రోడ్డు హోటళ్ల వంటగదుల్లో, కొట్లలో పనిచేసేవాళ్లని అడగండి. అందరికీ కారు లేదు, అందరికీ లైసెన్సు లేదు. రాత్రి ఆఖరి బస్సు పోయాక ఇంటికి చేర్చేది సైకిలే. వాళ్లకి సైకిలు ఆదివారం వ్యాయామం కాదు. 'సైకిళ్లకు ప్రవేశం లేదు' అన్న బోర్డు కారున్నవాడికి ఒక బోర్డు. కారు లేనివాడికి ఇంకో రెండు మైళ్ల చుట్టు. అదీ పెద్ద రోడ్డు మీద, ట్రక్కుల పక్కన.

బ్రూక్లిన్ బ్రిడ్జికి రూపమిచ్చిన జాన్ రోబ్లింగ్ జర్మనీ నుంచి వలస వచ్చినవాడు. ఆయన తీగల ఫ్యాక్టరీ మన ట్రెంటన్‌లోనే ఉండేది. నది అడుగున పునాదులు తవ్వినవాళ్లలో ఎక్కువమంది వలస కూలీలే. 1883లో బ్రిడ్జి తెరిచారు. అలాంటి చోట్ల అందం కాపాడాలని మనమూ కోరుకుంటాం. కానీ కట్టిన కూలీల వారసులకి, అంటే ఇవాళ్టి పనివాళ్లకి, దాటే దారి కూడా ఉండాలి కదా.

అందుకని రెండు పనులు చేద్దాం. దిగి నడవమన్న చోట దిగి నడుద్దాం. పిల్లలకీ అదే నేర్పుదాం. రెండోది, మన టౌన్‌షిప్పులో కొత్త బోర్డు పెడతామన్నప్పుడు మీటింగుకి వెళ్లి ఒక్క ప్రశ్న అడుగుదాం: 'బదులు దారి ఎక్కడ?' అక్కడ మాట్లాడ్డానికి గొప్ప ఇంగ్లీషు అక్కర్లేదు. పని ముగించుకుని రాత్రి సైకిలు మీద ఇంటికి వెళ్లే మనిషి ఒకడున్నాడని గుర్తు చేస్తే చాలు.