చక్రాలకు పౌడరే మేలు, ఓవెన్ వేడి అడిగాక
శాన్ రామన్ నుంచి మౌంట్ డయాబ్లో మీదికి బైక్ ఎక్కించేవారు చక్రాలకు కొత్త రంగు వేయించాలంటే పౌడర్ కోటింగ్‌నే ఎంచుకోవాలి. ఆ ఊళ్లో చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లరు కాబట్టి తుప్పు భయం తక్కువే. 3,849 అడుగుల కొండ దారిలో ఎగిరిపడే గులకరాళ్లు, చైన్ గ్రీజు, దాన్ని వదిలించే ద్రావకాలే అసలు బెడద. విద్యుదావేశంతో అంటుకుని, దాదాపు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి గట్టిపడే పౌడర్ పొర ఈ దెబ్బలకు మామూలు స్ప్రే పెయింట్ కంటే బాగా ఓర్చుకుంటుంది. పైగా థిన్నర్ ఆవిర్లుండవు. అయితే ప్రమాదమూ ఆ వేడిలోనే ఉంది. పోత అల్యూమినియం చక్రాలకు బలాన్నిచ్చే హీట్ ట్రీట్‌మెంట్‌లో చివరి దశ చాలావరకు అంతకంటే తక్కువ వేడిలోనే ముగుస్తుంది. ఓవెన్‌లో ఎక్కువసేపు వదిలేస్తే లోహం బలం తగ్గుతుంది. కాబట్టి తక్కువ వేడికే గట్టిపడే పౌడర్ ఉందా, చక్రాన్ని ఎన్ని నిమిషాలు లోపల ఉంచుతారు అని డబ్బు కట్టకముందే అడగాలి. బేరింగులు, సీళ్లు తీసేయాలి. బేరింగు కూర్చునే చోటా, డిస్కు బిగించే చోటా పౌడర్ పడకుండా మూయాలి. పాత రంగు గీకేసిన వెంటనే పగుళ్ల కోసం వెతకాలి, మందపాటి పొర పడ్డాక అవి కంటికి ఆనవు. పాత మెగ్నీషియం చక్రాలకు మాత్రం అంత వేడి తగలనివ్వకుండా పెయింటే వేయించాలి. గీత పడినా ఇంట్లోనే దిద్దుకోవచ్చు.